యూదుల జడరొట్టె - మన యింటి పొయ్యి



సంక్రాంతికి వారము దినములు ముందుగనే మన కరీంనగరు సీమలో ఇంటింట నడవలో నొక తెల్లని బట్ట పఱతురు. దాని చుట్టును అత్తలు, కోడండ్రు, ఇరుగుపొరుగు తల్లులు కూర్చుండి, తడిపిండిని నువ్వులతోను వాముతోను కలిపి, వ్రేళ్ల నడుమ మెలిపెట్టుచు చుట్టు మీద చుట్టుగా సకినములు పోయుదురు. ఆ మెలిక యెట్లు వచ్చునని యడిగినచో ఏ తల్లియు మాటలతో చెప్పజాలదు. “చూచి నేర్చుకొనుము” అనును. చూచి నేర్చుకొనిన విద్యయే అది. పుస్తకములలో లేదు, చేతులలో నున్నది.

ఇట్లే చేతులలో నిలిచిన మఱియొక మెలికను గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. అది యూదుల జడరొట్టె. దానిని వారు హెబ్రీభాషలో “హల్లా” యందురు. ప్రతి శుక్రవారము సాయంకాలము సూర్యుడు గ్రుంకకముందే వారి యిండ్లలో ఈ రొట్టె కాలి, బల్లపై నొక గుడ్డ క్రింద నిలిచియుండును. దాని చరిత్రమేమి, దానిని జడవలె నేల అల్లుదురు, మన యింటి పొయ్యి మీద దానిని కాల్చుట సాధ్యమా అను మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పెదను.

యూదుల సంగతి మన కేలయని కొందఱు శ్రోతలు అనుకొనవచ్చును. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో వారి ప్రార్థనాలయములు లేవు. అయినను తెలుగునేలకు వారు బొత్తిగా క్రొత్తవారు కారు. గోలకొండ వజ్రముల పేరు విని పదునేడవ శతాబ్దమున పోర్చుగీసు యూదవర్తకులు చెన్నపట్టణమునకు వచ్చి వ్యాపారము చేసిరి. వారిలో జాక్ ద పైవా యను నతడు 1687లో అచ్చటనే మరణించెను. పారశీకమున యూదకుటుంబములో బుట్టి పిదప సూఫీమార్గము బట్టినాడని చెప్పబడు సర్మద్ కవి 1647 ప్రాంతమున హైదరాబాదులో నుండెను. 1661లో ఢిల్లీనగరమున అతనికి మరణదండనము విధింపబడెను. ఇక మనకాలమున, గుంటూరు సీమలో చేబ్రోలునకు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామమునందు “బెనే ఎఫ్రాయిము” అను తెలుగు కుటుంబములు కొన్ని గలవు. వారు మాదిగ కులమునుండి వచ్చినవారు. కొన్ని తరములు క్రైస్తవసంఘములలో నుండిన పిమ్మట, తాము పూర్వము చెదరిపోయిన ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొని, 1980-90 సంవత్సరముల నడుమ యూదాచారములను బహిరంగముగ అవలంబింప నారంభించిరి. 1991లో ఒక చిన్న ప్రార్థనామందిరమును నెలకొల్పుకొనిరి. వారి యింట తెలుగే మాతృభాష, శనివారమే విశ్రాంతిదినము. కనుక ఈ రొట్టె సంగతి తెలుగులో చెప్పుకొనుట వింత కాదు.

ముందుగా పేరును గూర్చి నాలుగు మాటలు. “హల్లా” యనునది మొదట రొట్టెకు పేరు కాదు. పిండి పిసికిన పిదప అందులోనుండి విడదీసి యిచ్చెడి ముద్దకు ఆ పేరు. బైబిలు సంఖ్యాకాండము పదునైదవ అధ్యాయమున ఈ విధి యున్నది: ఇంటివారు పిసికిన మొదటి పిండిలో నొక భాగమును దేవుని కర్పింపవలెను. యెరూషలేములో దేవాలయము నిలిచియున్నంత కాలము ఈ ముద్ద యాజకులకు చెందెడిది. గృహస్థుడు పిండిలో ఇరువదినాలుగవ పాలును, రొట్టెలమ్మువాడు నలువదియెనిమిదవ పాలును ఈయవలెనని సుమారు క్రీ.శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నాయను ధర్మగ్రంథమున నిర్ణయమున్నది. అమ్మువానికి పాలు తగ్గించుటలో వ్యాపారి కష్టమును గమనించిన దయ కనబడుచున్నది. క్రీ.శ. 70లో రోమనులు ఆ దేవాలయమును ధ్వంసము చేసిరి. నాటినుండి ముద్దను స్వీకరించు స్థానము లేదు. అయినను తల్లులు విధిని విడువలేదు. నేటికిని రేగుపండంత ముద్దను విడదీసి, ఆశీర్వచనము పలికి, నిప్పులో కాల్చివేయుదురు. తీసికొనువారు లేకున్నను ఇచ్చుట మానలేదన్నమాట.

ఇది మనకు తెలియని భావము కాదు. వండిన అన్నములో మొదటి ముద్దను ఆవునకో కాకికో విడుచు ఇండ్లు మనలో నెన్నియో గలవు. బియ్యము కడుగునపుడు పిడికెడు వేఱుగా దీసి బిచ్చమునకై కుండలో వేసెడి ముదుసలులను మనలో పెక్కురు చూచియుందురు. తిండి మనది మాత్రమే కాదని, తినుటకు ముందే చేతితో నొప్పుకొనుట ఈ యాచారము లన్నిటికిని మూలము. అయితే యూదుల విధికి కొలత యున్నది. చిన్న పిండికి ఈ విధి వర్తింపదు. ప్రాచీనుల కొలత నలువదిమూడు గ్రుడ్లకు కొంచె మెక్కువ పట్టు పరిమాణము. నేటి తూనికలో అది సుమారు ఒకటింబావు కిలో మొదలు ఒకటిన్నర కిలోకు పైబడి యుండునని పండితులు పలువిధములుగ చెప్పుదురు. ఎడారిలో ఇశ్రాయేలీయులకు మనిషి యొక్కంటికి దినమునకు దొరకిన మన్నా కొలతయు అదియే యని వారి విశ్వాసము.

మన్నా కథను మన క్రైస్తవ సోదరు లెఱుగుదురు. ఐగుప్తునుండి వెలువడి ఎడారిలో తిరుగుచున్న జనులకు ప్రతి యుదయము నేలపై నాహారము దొరకెడిదట. మఱునాటికి దాచినచో చెడిపోయెడిది. శుక్రవారము మాత్రము రెండింతలు దొరకెడిది. శనివారము విశ్రాంతిదినము గావున ఏరుకొన బనిలేదు. అందుచేతనే సబ్బాతు భోజనమున ఒక రొట్టె కాదు, రెండు నిండు రొట్టెలు బల్లపై నుంచుదురు. మన్నాకు క్రిందను మీదను మంచు పొర యుండెడిదని చెప్పుదురు గనుక రొట్టెల క్రింద నొక గుడ్డయు, మీద నొక గుడ్డయు నుండును. దీనికే మఱియొక కారణము కూడ తల్లులు పిల్లలకు చెప్పుదురు. భోజనమునకు ముందు ద్రాక్షరసముపై ఆశీర్వచనము పలుకుదురు. ఎన్నడును ముందు నిలుచు రొట్టె ఆనాడు వెనుకబడినదని చిన్నబుచ్చుకొనకుండ దాని ముఖముపై గుడ్డ కప్పుదురట! ప్రాణములేని రొట్టె మనసు నొచ్చునని జంకువాడు ప్రాణమున్న మనుష్యుని మనసు నొప్పించునా? పిల్లలకు నేర్పదలచిన పాఠ మిదియే.

ఇక జడ సంగతి. ఈ యల్లిక అంత ప్రాచీనము కాదు. జర్మనీ, ఆస్ట్రియా ప్రాంతముల యూదులు పదునైదవ శతాబ్ద ప్రాంతమున ఈ రూపమును చేపట్టిరి. సబ్బాతు రొట్టెకు హల్లా యను పేరు వాడుట కూడ ఆ కాలపు గ్రంథములలోనే కనబడుచున్నది. అచ్చటినుండి పోలెండు, రష్యా దేశములకును, వలసలతో అమెరికాకును వ్యాపించెను. అరబ్బు దేశముల యూదులకు ఈ జడ మొదట తెలియదు. ఇరాకు, యెమెను దేశములవారు పలుచని రొట్టెలనే రెండేసి యుంచి సబ్బాతు జరిపిరి. విధికి కావలసినది రెండు నిండు రొట్టెలు మాత్రమే; జడ యొక యలంకారము. కాని యలంకారమునకును అర్థము కల్పించుట మనుష్యుని స్వభావము. ఆఱుపాయల జడలు రెండు చేర్చిన పండ్రెండు. పూర్వము దేవాలయమున వరుసగా నుంచిన పండ్రెండు రొట్టెలకు అవి గుర్తులని కొందఱందురు. పాయలు కౌగిలించుకొనిన చేతులవలె నున్నవని మఱికొందఱందురు. చూచువారికి తెలియు ప్రయోజన మొకటి గలదు: జడరొట్టెను కత్తితో కోయ బనిలేదు, పాయ పట్టి లాగిన చేతికే విడివడును.

మనదేశమున కూడ ఈ రొట్టె బొత్తిగా దొరకనిది కాదు. బాగ్దాదునుండి వచ్చిన యూదులు కలకత్తాలో నివాసమేర్పఱచుకొనిరి. వారి నహూమ్ కుటుంబము 1902లో స్థాపించిన రొట్టెల దుకాణము న్యూ మార్కెట్టునందు ప్రసిద్ధి కెక్కినది. అచ్చట జడరొట్టె నమ్ముటయు కలదు. ఆ నగరమున యూదుల సంఖ్య వ్రేళ్లమీద లెక్కింప దగినంతగా తగ్గిపోయిన పిదపను ఆ దుకాణము నిలిచినది.

ఇప్పుడు వంటయింటికి పోదము. ముందుగా మా యింట జరిగిన యొక పొరపాటు చెప్పెదను. అందులో నొక పాఠమున్నది. మనది జొన్నల సీమ. ఆదిలాబాదు పల్లెలలో జొన్నరొట్టె చఱచు చప్పుడుతోనే తెల్లవారెడి దినములు గలవు. కావున మొదటిమారు మేము గోధుమపిండి మాని, గర్వముతో జొన్నపిండినే పులియబెట్టితిమి. ఉదయమునకు పిండి పుల్లని వాసన వేసినది గాని పొంగలేదు. పాయ లాగిన తెగినది. అల్లబోయిన పొడియై రాలినది. మా యింటి పెద్దమ్మ నవ్వి, “జొన్నకు జడ లేదు నాయనా, గుండే” అన్నది.

ఆ మాట హాస్యమైనను శాస్త్రము కూడ అంతే చెప్పుచున్నది. గోధుమపిండిలో గ్లూటెన్ అను జిగురు పదార్థ మేర్పడును. నీరు పోసి పిసికినకొలది అది సాగెడి వలవలె అల్లుకొనును. ఈస్టు అను సూక్ష్మజీవి పిండిలోని చక్కెరను తిని, బొగ్గుపులుసు వాయువును, కొంచెము మద్యసారమును విడుచును. ఆ వాయువు వలలో చిక్కి బుడగలై పిండిని పొంగించును. జొన్నలో, బియ్యములో, మక్కలో ఈ వల లేదు. వాయువు పుట్టినను పాఱిపోవును. ఈ పులియుట జీవుల పనియేయని ఫ్రాన్సుదేశపు లూయీ పాశ్చరు 1857 మొదలుకొని ప్రయోగములతో నిరూపించెను. ఆశ్చర్యమేమనగా, అంతకు పదునాఱు వందల యేండ్ల పూర్వమే యూదుల ధర్మజ్ఞులు ఈ భేదమును గమనించిరి. గోధుమ, యవలు మొదలగు ఐదు ధాన్యముల పిండికే హల్లా విధి వర్తించును. బియ్యమునకును చిఱుధాన్యమునకును వర్తింపదని వారు నిర్ణయించిరి. మొదటివి పులియును, రెండవవి కుళ్లునే గాని పులియవని వారి కారణము. వారికి సూక్ష్మదర్శిని లేదు. వంటయింటి యనుభవము గలదు.

కనుక గోధుమయే కావలెను. రెండు రొట్టెలకు కొలతలు చెప్పెదను, వ్రాసికొనుడు. మైదా 500 గ్రాములు. ఈస్టు పొడి 5 గ్రాములు, అనగా ఒకటిన్నర చెంచా. చక్కెర 50 గ్రాములు. ఉప్పు 9 గ్రాములు. పల్లినూనె 60 మిల్లీలీటరులు. గ్రుడ్లు రెండు, పైపూతకు మఱొకటి. గోరువెచ్చని నీరు సుమారు 180 మిల్లీలీటరులు. పైన చల్లుటకు నువ్వులుగాని గసగసాలుగాని చారెడు. మైదా నచ్చనివారు సగము గోధుమపిండి కలుపుకొనవచ్చును. అపుడు నీరు మఱికొంచెము పట్టును, రొట్టె కొంచెము బరువుగ నుండును. వెన్న, పాలు వాడవలదు. యూదులు మాంసమును పాలను ఒక భోజనమున కలుపరు. సబ్బాతు భోజనమున తఱచు మాంసముండును గనుక రొట్టెకు నూనెయే వాడుదురు. గ్రుడ్లను ఒక్కొక్కటిగ వేఱు గిన్నెలో పగులగొట్టి, నెత్తుటిచుక్క యున్నదానిని పాఱవేయుట కూడ వారి నియమము. నియమ మెట్లున్నను, చెడిన గ్రుడ్డు తక్కినవానిలో కలియకుండుట కిది మంచి పద్ధతి.

గోరువెచ్చని నీటిలో చెంచాడు చక్కెరయు ఈస్టును వేసి పది నిమిషము లుంచుడు. నురుగు వచ్చిన ఈస్టు బ్రదికియున్నదని యర్థము. రానిచో పాఱవేసి క్రొత్తది తెచ్చుకొనుడు. నీరు వ్రేలికి చుఱుక్కు మనినచో ఈస్టు చచ్చును. ఈ తప్పు మనలో పెక్కురు చేయుదురు. పిండి, ఉప్పు, మిగిలిన చక్కెర కలిపి, నడుమ గుంట చేసి, నురుగునీరు, నూనె, గ్రుడ్లు పోసి కలుపుడు. పిదప పీటమీద పది పండ్రెండు నిమిషములు బాగుగ పిసుకుడు. అరచేతి మడమతో ముందునకు త్రోసి, మడిచి, త్రిప్పి, మరల త్రోయవలెను. మొదట చేతికి అంటును; పిండి మఱింత చల్లవలెనని తోచును. చల్లకుడు! పిసికినకొలది అదియే విడుచును. చిన్న ముద్ద దీసి రెండు చేతుల నడుమ పలుచగ సాగదీసి దీపమునకు ఎదురుగ బట్టినచో, చినుగక వెలుగు కనబడవలెను. అపుడు వల కుదిరినట్లు.

నూనె రాసిన గంజులో ముద్దనుంచి తడిబట్ట కప్పి పొంగనిండు. ఎంతసేపన్నది గడియారము చెప్పదు, ఋతువు చెప్పును. పాశ్చాత్యుల పుస్తకములు రెండు గంటలందురు. రామగుండమున ఎండలు 45 డిగ్రీలకు నెక్కు వైశాఖమాసమున ముప్పావు గంటయే చాలును; ఇంకను ఉంచినచో పిండి పులిసి కూలిపోవును. ఆ దినములలో కుండనీటితో కలిపి, ఈస్టు కొంచెము తగ్గించుడు. ఆదిలాబాదున పుష్యమాసపు రాత్రి చలి 10 డిగ్రీలకు లోపలికి దిగును. అపుడు మూడు గంటలైనను చాలదు. ఆఱిన పొయ్యి ప్రక్కనో, వేడినీటి గిన్నె దగ్గఱనో ఉంచుడు. ముద్ద రెండింతలైనదా యన్నదే గురుతు. మన తెలంగాణమున ఇట్టి రొట్టెను “డబల్ రొట్టె” యనుటయు ఈ రెండింతలగుటచేతనే యని పెద్దలు చెప్పుదురు.

ఈస్టు దొరకని పల్లెలలో నేమి చేయవలెనని కొంద ఱడుగుదురు. గోవాలో రొట్టెలవారు పూర్వము కొబ్బరికల్లుతోనే పిండిని పులియబెట్టెడివారు. తాటికల్లులోను ఈతకల్లులోను అదే ఈస్టు సహజముగ నుండును. నీటికి బదులు చెట్టునుండి అప్పుడే దింపిన కల్లు పోసి, ఐదాఱు గంటలు ఓపికతో నుంచినచో పిండి పొంగును. కాని యొక హెచ్చరిక. దుకాణపు కల్లులో మత్తుమందులు కలుపు దురాచారము మన జిల్లాలలో ప్రాణములు తీసినది. చెట్టుకల్లని మీకు నిశ్చయముగ తెలియనిచో దాని జోలికి పోవలదు. పట్టణమున దొరకు ఈస్టు పొడియే మేలు.

పొంగిన ముద్దను మెల్లగ నొత్తి గాలి దీసి, రెండు సమభాగములు చేయుడు. హల్లా ముద్ద తీయువారు ఈ సమయముననే తీయుదురు. అయితే మన కొలత చిన్నది గనుక దీనికి ఆ విధి తగులదు. ఒక్కొక్క భాగమును మూడు ముద్దలు చేసిన నొక్కొక్కటి 150 గ్రాములుండును. వానిని పీటమీద రెండరచేతుల క్రింద దొర్లించి మూరెడు పొడవు పాయలు చేయుడు. నడుమ లావుగను కొనలు సన్నగను ఉండవలెను. పాయ సాగక వెనుకకు ముడుచుకొనినచో కోపపడకుడు. ఐదు నిమిషములు విశ్రాంతి నిచ్చిన అదియే మాట వినును.

మూడుపాయల జడ నేర్పుటకు నే నెవడను? బిడ్డకు బడికి పోవునపుడు జడవేయని తల్లి యున్నదా? అయితే తలజడకును రొట్టెజడకును భేద మొకటి గలదు. తలజడ బిగువుగ నుండవలెను. రొట్టెజడ వదులుగ నుండవలెను. పిండి యింకను పొంగవలసియున్నది. బిగించినచో కాలునపుడు ప్రక్కలు పగులును. కొనలనుండి గాక నడుమనుండి యిరువైపులకు అల్లినచో ఆకారము సమముగ వచ్చును. కొనలను నొక్కి క్రిందికి మడువుడు. గరిజెల అంచును వ్రేలితో మెలిపెట్టి మూయు నేర్పు ఇచ్చట చక్కగ పనికివచ్చును. నాలుగు పాయలకు సూత్రమిది: కుడివైపు చివరిపాయను ఒకదానిమీదుగ, ఒకదాని క్రిందుగ, ఒకదానిమీదుగ నెడమకు చేర్చుడు, మరల కుడివైపు చివరిదానితో నట్లే చేయుడు. ఆఱు పాయలకు: రెంటిమీదుగ, ఒకదాని క్రిందుగ, రెంటిమీదుగ. ఈ రెండు పద్ధతులలోను పని యెల్లప్పుడు కుడినుండియే మొదలగును. కాగితముపై వ్రాసికొని, తొలుత మూడు నూలు త్రాళ్లతోనో ఆఱు త్రాళ్లతోనో అభ్యసించిన పిండి వృథా కాదు.

జడలను నూనె రాసిన పళ్లెమున నుంచి మరల అరగంట మొదలు ముప్పావు గంట పొంగనిండు. వ్రేలితో మెల్లగ నొక్కిన గుంట తొందరగ కాక నెమ్మదిగ పూడవలెను. అపుడు గిలకొట్టిన గ్రుడ్డును మెత్తని గుడ్డతో పైన పూయుడు; పది నిమిషముల తరువాత మరల పూసి, నువ్వులు చల్లుడు. ఆ రెండవ పూతయే రొట్టెకు నిగనిగలాడు బంగారువన్నె నిచ్చును. గసగసాలు మన్నా గింజలకు గుర్తని యూదులు చెప్పుదురు.

విద్యుత్తు బట్టీ యున్నవారు 180 డిగ్రీల వేడిలో ఇరువదియైదు మొదలు ముప్పది నిమిషములు కాల్చుడు. లేనివారు నిరాశ చెంద బనిలేదు. అడుగు మందముగల పెద్ద దేకిసలో రెండంగుళముల ఎత్తు శుభ్రమైన ఇసుక పోసి, దానిపై చిన్న చుట్టకుదురును మూతను ఉంచి, పొయ్యిపై పావుగంట వేడిచేయుడు. పిదప రొట్టె పళ్లెమును కుదురుపై నుంచి, మూతవేసి, మంట తగ్గించి నలువది నిమిషములకు పైగ కాల్చవలెను. ఇందులో క్రింద కాలినను పైన వన్నె రాదు. దానికి మన పెద్దలు దమ్ము పెట్టునపుడు చేసిన యుపాయమే శరణ్యము: చివరి పదునైదు నిమిషములు ఇనుప మూతపై కణకణలాడు నిప్పులు పోయుడు. దేకిస గుండ్రము గనుక పొడుగు జడ పట్టదు. జడను పాము చుట్టుకొనినట్లు గుండ్రముగ చుట్టి పెట్టుడు. ఇదియు శాస్త్రసమ్మతమే. యూదులు తమ సంవత్సరాదికి జడను గుండ్రముగ చుట్టి, కిసిమిసులు చేర్చి, ఏడాది చక్రమువలె తిరిగి వచ్చుగాక యని తేనెతో తిందురు. బియ్యపు కుక్కరు వాడువారు సీటీయు రబ్బరు పట్టీయు తీసివేసియే వాడవలెను; లోపల నీరు పోయరాదు.

రొట్టె కాలినదో లేదో తెలియుటకు దానిని బోర్లించి అడుగున వ్రేలితో తట్టుడు. ఖాళీకుండను తట్టినట్లు మ్రోగిన కాలినది. మందముగ పలికిన మఱి ఐదు నిమిషములు కాల్చుడు. తీసినవెంటనే కోయవలదు. ఆవిరి లోపల నిలిచి యింకను ఉడుకుచుండును, గంటసేపు చల్లాఱనిండు. రెండవ దినమునకు రొట్టె బిరుసెక్కును. దానిని పాఱవేయకుడు. ముక్కలు చేసి నేతిలో వేచి, చక్కెర పాకమున ముంచి, పాలు పోసిన హైదరాబాదు డబల్ కా మీఠా అగును. యూదుల యింటి మిగులు ముక్క మన నిజాము నగరపు మిఠాయి యగుట, రొట్టెకు మతభేదము లేదనుటకు మంచి సాక్ష్యము.

చివరకు మొదటి మాటకు వచ్చెదను. దేవాలయము కూలి, దేశము పోయి, రెండువేల యేండ్లు పరదేశములలో తిరిగిన ప్రజలకు ఈ ముద్ద యెట్లు మిగిలినది? రాజులు కాపాడలేదు, కోటలు కాపాడలేదు. శుక్రవారము మధ్యాహ్నము పిండి పిసికిన తల్లి, ప్రక్కన నిలిచిన కూతురు కాపాడిరి. ఒక తరము పిసుకుట మానినచో గొలుసు తెగును. తెగినదానిని మరల ముడివేయుట యెంత కష్టమో గుంటూరు సీమలోని బెనే ఎఫ్రాయిము కుటుంబములను జూచిన తెలియును. తల్లులు చేతితో నేర్పవలసిన ఆచారములను వారు పెద్దవారైన పిదప పుస్తకములనుండియు, వచ్చిపోవు అతిథులనుండియు అక్షరాభ్యాసము చేయువారివలె నేర్చుకొనవలసి వచ్చినది. వారి దీక్ష పొగడదగినదే. కాని ఆ శ్రమ మనకు హెచ్చరిక కూడ.

ఏలయనగా మన సకినములు నేడు అంగడిలో సంచులలో దొరకుచున్నవి. సర్వపిండి కూడ అట్లే. కొనుటలో తప్పులేదు, పనికి పోవు స్త్రీకి తీరిక యెక్కడిది? కాని యేడాదికి ఒక్క దినమైనను ఇంటిలోని ఆడపిల్లయు, మగపిల్లవాడును పిండిలో చేయిపెట్టి ఆ మెలికను నేర్చుకొననిచో, మన మనుమల కాలమునకు అదియు పుస్తకములో వెదకవలసిన వస్తు వగును. పుస్తకము కొలత చెప్పగలదు. వ్రేళ్లకు మెలిక నేర్పజాలదు.

కావున శ్రోతలారా, వచ్చెడి శుక్రవారము తీరికయైనచో ఈ జడరొట్టెను ప్రయత్నింపుడు. మొదటిది వంకరగ వచ్చును, వచ్చుగాక. ఒకటి మీరు తిని, రెండవదానిని పొరుగింటికి పంపుడు. అటుపిమ్మట సంక్రాంతికి పిల్లలను పిలిచి, తెల్లని బట్టయొద్ద కూర్చుండబెట్టి, ఒక్క సకినమైనను వారి చేతనే చుట్టింపుడు. అది గుండ్రముగ రాకున్నను నూనెలో వేయుడు, వారిచేతనే తినిపింపుడు.